పేరు గుర్తులేని చిన్ననాటి పుస్తకాన్ని వెతికి పట్టుకోవడం ఎలా

నాలుగేళ్ల కిందట సంక్రాంతికి మా పెద్దక్క ఇంటికొచ్చింది. అరిసెలు ఒత్తుతూ ఉన్నట్టుండి అడిగింది: “ఒరేయ్, మనింట్లో ఒక బొమ్మల పుస్తకం ఉండేది, గుర్తుందా? మంచులో ఒక సంచి పడి ఉంటుంది. ఎలక వచ్చి అందులో దూరుతుంది. తర్వాత కప్ప. ఆ తర్వాత ఇంకా పెద్దవి, ఇంకా పెద్దవి. చివరికి ఎలుగుబంటి కూడా దూరుతుంది. ఆ సంచికి కిటికీ ఉంటుందిరా!”

నాకు గుర్తులేదు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. నాకు అక్షరాలు వచ్చేనాటికే ఆ పుస్తకం చిరిగిపోయి, పాత పేపర్లతోపాటు వెళ్లిపోయి ఉంటుంది. పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. ఉన్నదల్లా ఒక కిటికీ. అయినా అక్క ముఖం చూశాక వదిలిపెట్టాలనిపించలేదు. ఆ పుస్తకం కోసం, ఆ తర్వాత స్నేహితులు అడిగిన మరికొన్ని పుస్తకాల కోసం తిరిగినప్పుడు నాకు బోధపడింది ఒకటే. కథను పట్టుకుని వెతికితే తిరిగిన చోటే తిరుగుతాం. పుస్తకం మన ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో పట్టుకుంటే సగం దొరికినట్టే. ఈ కింద రాసినదంతా ఆ దారిని కనిపెట్టడం గురించి, కనిపెట్టాక ఏం చెయ్యాలన్న దాని గురించి.

మొదటి మెట్టు: ఎవర్నీ అడక్కముందే కాగితం మీద పెట్టండి

ఫోన్ పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. గుర్తున్నదంతా మీ మాటల్లో రాయండి. ఇది ముందే ఎందుకంటే, ఒకసారి వెతకడం మొదలుపెట్టి నాలుగు అట్టబొమ్మలు చూశామంటే అవి మన జ్ఞాపకంలో కలిసిపోతాయి. “అవును, ఇలాగే ఉండేది” అనిపిస్తుంది. తర్వాత ఏది మనం చూసిందో, ఏది నిన్న ఫోన్లో చూసిందో విడదీయలేం. ఎవరైనా “అందులో కోతి కూడా ఉండేది కదా” అన్నా అంతే, రెండు రోజుల్లో ఆ కోతి మనదైపోతుంది.

రాసిన ప్రతి ముక్క పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి: ఖాయం, అనుకుంటా, ఎవరో చెప్పారు. అక్క రాసిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఇలా ఉంది అది:

ఖాయం: మంచు. సంచికి కిటికీ, పొగగొట్టం. జంతువులు మనుషుల్లా బట్టలు వేసుకున్నాయి. పేజీలు నున్నగా ఉండేవి, ముక్కుకి దగ్గరగా పెట్టుకుంటే ఒక వాసన వచ్చేది. అక్షరాలు పెద్దవి. నేను రెండో తరగతి, వరండాలో గడప మీద కూర్చుని చదివేదాన్ని.

అనుకుంటా: చివర్లో కుక్క మొరుగుతుంది. జంతువులు ఆరో ఏడో.

అమ్మ చెప్పింది: నాన్నగారు విజయవాడ నుంచి తెచ్చారు.

చూడండి, కథ గురించి ఉన్నది తక్కువ, వస్తువు గురించి ఉన్నది ఎక్కువ. అలాగే ఉండాలి. పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే ఎంతవరకు వచ్చేది? కాగితం నునుపా, గరుకా? బొమ్మలు రంగులవా, నలుపు తెలుపువా, లేక ఒక పేజీ రంగు ఒక పేజీ నలుపా? మధ్యలో పిన్నులు ఉండేవా, దారంతో కుట్టి ఉండేదా? మీరే చదివారా, ఎవరైనా చదివి వినిపించారా? ఏ ఇంట్లో, ఏ ఊళ్లో? సెలవుల్లోనా, బడి రోజుల్లోనా? ఇవన్నీ కథకు సంబంధం లేనివిగా కనిపిస్తాయి. కానీ పుస్తకం ఏ దారిన వచ్చిందో చెప్పేవి ఇవే.

రెండో మెట్టు: జ్ఞాపకం ఏయే చోట్ల మార్చేస్తుందో తెలుసుకోండి

ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అని కేంబ్రిడ్జిలో మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండు వాళ్లచేత చదివించి, కొంతకాలం గడిచాక మళ్లీ చెప్పమన్నాడు. కథలో ఆ ప్రాంతపు దోనెలు ఉంటే చెప్పేటప్పుడు మామూలు పడవలయ్యాయి. సీలు జంతువుల వేట కాస్తా చేపల వేట అయింది. తమకు పరిచయం లేనిదాన్ని పరిచయమున్న దానిగా మార్చుకున్నారు, మార్చుకున్నట్టు వాళ్లకే తెలియదు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ సంగతంతా ఉంది.

ఇది చదివిన రోజునే నాకు అక్క సంచి మీద అనుమానం వచ్చింది. కృష్ణా జిల్లా పల్లెటూళ్లో రెండో తరగతి పిల్ల. మంచే చూడలేదు. మంచుదేశంలో మనుషులు వాడే వస్తువు ఏదైనా బొమ్మలో కనిపిస్తే, అది ఆమె తలలో ఏమవుతుంది? మెత్తగా, లోపల ఖాళీగా, జంతువులు దూరేలా ఉన్నది సంచే అవుతుంది. అందుకని కాగితం మీద “సంచి” పక్కన ఇంకో నాలుగు రాశాను: బూటు, టోపీ, మేజోడు, చేతితొడుగు.

మీరూ ఇదే చెయ్యండి. మీ జ్ఞాపకంలోని ముఖ్యమైన వస్తువు పక్కన, అది మరేదై ఉండొచ్చో నాలుగు రాయండి. ముఖ్యంగా అనువాద పుస్తకమని ఏమాత్రం అనుమానమున్నా. తోడేలు నక్కగా గుర్తుండొచ్చు, పొయ్యిగూడు గుహగా గుర్తుండొచ్చు.

ఇంకో రెండు చోట్ల కూడా జాగ్రత్త. ఒకటి, ఒకే వేసవిలో చదివిన రెండు పుస్తకాలు అతుక్కుపోతాయి. కథ సగంలో వాతావరణం మారిపోతే, అంటే మొదట్లో రాజులు, చివర్లో రైలుబండి ఉంటే, రెండుగా విడదీసి వెతకండి. రెండు, ముగింపును ఎక్కువగా నమ్మొద్దు. పిల్లలకు మధ్యలో ఉన్న బొమ్మ గట్టిగా నిలబడుతుంది. చివర ఏమైందన్నది పెద్దయ్యాక మనమే పూడ్చుకుంటాం.

మూడో మెట్టు: పుస్తకం ఏ దారిన వచ్చింది?

అసలు పని ఇక్కడే ఉంది. తెలుగిళ్లలోకి పిల్లల కథ వచ్చే దారులు ఎన్నో లేవు. ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికంటే పెద్ద దారి నెలనెలా వచ్చిన పిల్లల పత్రికలు. ఎవర్నడిగినా “చందమామలో చదివాను” అంటారు. ఆ మాటను వెంటనే నమ్మొద్దు. ఒక తరానికి పిల్లల పత్రిక అంటేనే చందమామ. బాలమిత్ర, బొమ్మరిల్లు, బుజ్జాయి, బాలజ్యోతి ఏవి చదివినా జ్ఞాపకంలో అన్నీ చందమామ కిందికే చేరిపోయాయి. అంతకుముందు తరానికి 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు మొదలుపెట్టిన ‘బాల’ ఉంది. మీ నాన్నగారి జ్ఞాపకం కోసం వెతుకుతుంటే దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి.

నిజంగా చందమామే అయితే మీ అదృష్టం, ఆధారాలు చాలా ఉన్నాయి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు. బొమ్మల కింద మూలన సంతకం గుర్తుందేమో ఆలోచించండి. ‘చిత్ర’, ‘శంకర్’, ‘వపా’ అన్న ఈ మూడు సంతకాలూ పిల్లలకు అక్షరాలుగా కాకుండా ఆకారాలుగా గుర్తుంటాయి. నిండుగా రంగులతో అట్టమీద దేవతామూర్తులు గుర్తుంటే వడ్డాది పాపయ్య గారివి కావొచ్చు. పురాణ పాత్రలు, సన్నని గీతల్లో నగలు, కోటల చెక్కడాలు, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు గుర్తుంటే శంకర్ గారివి. మాంత్రికులు, కోయదొరలు, వింత జంతువుల మీద స్వారీ చేసే వీరులు అయితే ఎక్కువభాగం చిత్ర గారి బొమ్మలు.

ఆ మాంత్రికుల సీరియళ్ల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నన్ను అడిగేవాళ్లలో చాలామంది వెతుకుతున్నది వాటినే. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి రాశారు. కానీ పత్రికలో సీరియల్ మీద ఆయన పేరుండేది కాదు. లక్షలమంది పిల్లలు ఎవరు రాశారో తెలియకుండానే చదివి పెద్దవాళ్లయిపోయారు. అందుకే రచయిత పేరుతో వెతికితే పని జరగదు. పాత్రల పేర్లు బయటికి పలకండి. జయశీలుడు, సిద్ధసాధకుడు అంటే ఎక్కడో కదిలిందా? అది ‘మాయాసరోవరం’. శిఖిముఖి, విక్రమకేసరి అయితే ‘శిథిలాలయం’. పింగళుడు అయితే ‘ముగ్గురు మాంత్రికులు’. ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘జ్వాలాద్వీపం’, ‘కంచుకోట’, ‘యక్షపర్వతం’ ఇలా పేర్లన్నీ గట్టిగా చదివితే చెవికి ముందు తెలుస్తుంది. చూపుకంటే చెవి జ్ఞాపకం గట్టిదని ఈ పనిలో నాకు చాలాసార్లు రుజువైంది.

ఇంకో మాట. చందమామ చాలా భాషల్లో వచ్చింది, బొమ్మలు అవే. బరంపురంలోనో ఖరగ్‌పూర్‌లోనో పెరిగిన తెలుగువాళ్లు ఒడియాలోనో హిందీలోనో చదివి, తెలుగులో చదివినట్టు గుర్తుపెట్టుకోవడం మామూలే. తెలుగు సంచిక దొరక్కపోతే పక్క భాషలో బొమ్మ చూసి కథ నిర్ధారించుకోవచ్చు.

రెండో పెద్ద దారి మాస్కో నుంచి వచ్చింది. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లోనూ, ఊరూరా తిరిగే పుస్తకాల వ్యాన్లలోనూ చాలా చవగ్గా దొరికేవి. నున్నటి కాగితం, పెద్ద బొమ్మలు, మంచు, తలకి రుమాలు కట్టుకున్న అవ్వలు, ప్రత్యేకమైన వాసన: ఈ అయిదింటిలో మూడు మీ కాగితం మీద ఉంటే ఇంక వేరే దారి చూడనక్కర్లేదు. రాదుగ 1982లో ప్రగతి నుంచి విడిగా ఏర్పడింది. కాబట్టి అట్టమీద ‘రాదుగ’ అని చదివినట్టు గుర్తుంటే అది 1982 తర్వాతి పుస్తకం. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఈ రాక ఆగిపోయింది. తొంభైల చివర్లో చదివిన పిల్లలకు అవి అన్నయ్యలవో, పాతపుస్తకాల షాపులోవో అయి ఉంటాయి. ఆ తర్వాతి కాలమైతే ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ అచ్చువేసినవి కావొచ్చు.

మీ దగ్గర అట్ట చిరిగిన సోవియట్ పుస్తకం ఉండి పేరు మాత్రమే తెలియకపోతే, చివరి పేజీ ఉందేమో చూడండి. అక్కడ చిన్న అక్షరాల్లో రష్యన్‌లో అసలు రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఏడు ఉంటాయి. ఫోన్ కెమెరాతో అనువాదం చేయించుకుంటే అయిదు నిమిషాల పని.

మూడోది బడి. ఉపవాచకాన్ని చాలామంది మర్చిపోతారు. “ఒక నవల చదివాను, పల్చగా ఉండేది, చివర్లో ప్రశ్నలుండేవి” అన్నారంటే అది నవల కాదు, తెలుగు ఉపవాచకం. పెద్ద నవలను కుదించి పెట్టడమూ ఉండేది, అందుకే అసలు నవల దొరికినా “ఇది కాదు, ఇంత పెద్దది కాదు” అనిపిస్తుంది. ఏ తరగతి, ఏ సంవత్సరం, ఏ మీడియం అన్నది తేలితే దీన్ని పట్టుకోవడం సులువు. ఆ ఏడు చదివిన క్లాస్‌మేట్ ఎవరో ఒకరికి పేరు గుర్తుంటుంది. ఆగస్టు పదిహేనుకీ, వార్షికోత్సవానికీ ఇచ్చే బహుమతి పుస్తకాలు కూడా బడి దారే. వాటిలో నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, బాలల అకాడమీ పుస్తకాలు, అమర చిత్ర కథలు ఎక్కువ.

నాలుగోది ఇంట్లో పెద్దవాళ్లది. అద్దె లైబ్రరీ నుంచి అమ్మో పిన్నో తెచ్చుకున్నవి, మనం చాటుగా చదివినవి. వాటికి అసలు అట్ట ఉండేది కాదు, దళసరి అట్టవేసి బైండు చేసి వీపు మీద చేత్తో పేరు రాసేవాళ్లు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ని వారం వారం చించి, దాచి, కుట్టించుకున్న పుస్తకాలైతే మరీను. వాటికి అట్ట, ప్రచురణకర్త, సంవత్సరం ఏవీ ఉండవు. కానీ ఒక మంచి గుర్తుంటుంది. పేజీ వెనకవైపు, సీరియల్‌కి సంబంధం లేని సబ్బు ప్రకటనో, సినిమా ప్రకటనో, కార్టూనో మిగిలిపోతుంది. సినిమా ప్రకటన దొరికితే ఆ సినిమా విడుదలైన తేదీ నుంచి వారం వరకు వెళ్లొచ్చు.

చివరిది, అసలు పుస్తకమే కాకపోవడం. అమ్మమ్మ చెప్పిన కథకు మనం బొమ్మలు ఊహించుకుని, తర్వాత పుస్తకంలో చూశామనుకుంటాం. “చేపా చేపా ఎందుకు ఎండలేదు?” లాగా ఒకదాన్నుంచి ఒకటి గొలుసుగా సాగే కథ అయితే, అందులో పాట ఉంటే, మీకు పేజీ ఒక్కటీ గుర్తులేకపోతే, ముందు ఈ సంగతి తేల్చుకోండి. జానపద కథలకు పండితులు నంబర్లిచ్చి పట్టికలు తయారు చేశారు. సిండ్రెల్లా కథ ఏ దేశంలో ఏ పేరుతో ఉన్నా ఆ పట్టికలో 510-ఏ. మీ కథ ఆ కోవలోదైతే పుస్తకం దొరక్కపోయినా కథ దొరుకుతుంది.

నాలుగో మెట్టు: కాలాన్ని కుదించండి

మీ వయసు లెక్కతో ఒక హద్దు వస్తుంది. రెండో హద్దు పుస్తకం మీద ఉన్న చిన్న చిన్న సంగతులతో వస్తుంది. ఇవి గుర్తుండవనుకుంటాం కానీ, పుస్తకం వెనక ధర వేలితో చూపిస్తూ చదివిన పిల్లలు చాలామంది.

ధర అణాల్లో ఉంటే 1957కి ముందుది. ఆ ఏడు ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది, 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాట తీసేశారు. చిరునామాలో ‘మద్రాసు-17’, ‘హైదరాబాదు-27’ లాగా రెండంకెలు మాత్రమే ఉంటే పాతది కావొచ్చు, ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది ఖాయం. అయితే పిన్‌కోడ్ వచ్చాక కూడా పాత అలవాటు చాలా ఏళ్లు సాగింది కాబట్టి రెండంకెలను ఒక్కదాన్నే పట్టుకోవద్దు. ‘చెన్నై’ అని ఉంటే 1996 తర్వాత. ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) నంబరుంటే 1985 తర్వాత, అయితే అది లేనంతమాత్రాన పాతదని కాదు. తెలుగులో చాలామంది చిన్న ప్రచురణకర్తలు దాన్ని వాడనే లేదు.

అయిదో మెట్టు: వెతకడం

ఇప్పుడు ఫోన్ తీయండి. తెలుగు పాత పుస్తకాల స్కాన్లకు పెద్ద గని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో మన దేశంలో స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు అందులో ఉన్నాయి. చిక్కేమిటంటే వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేశారు. తప్పులు లెక్కలేనన్ని. ‘కథలు’ అన్న ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు కనిపిస్తాయి: ‘థ’కు టీ-హెచ్ పెట్టినవాళ్లు, డీ-హెచ్ పెట్టినవాళ్లు, హెచ్ వదిలేసినవాళ్లు. అందుకని పూర్తి పేరు కొట్టొద్దు. పేరులో అటూ ఇటూ కాని గట్టి ముక్క ఒకటి తీసుకోండి. ‘జ్వాలాద్వీపం’ వెతకాలంటే ‘జ్వాల’ వరకు చాలు, అదీ రెండు మూడు రకాలుగా. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, పదాలు విడదీసి ఒకసారి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు మరో దారి ఉంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని తమ దేశపు విశ్వవిద్యాలయాలకు పంచింది. ఆ లైబ్రరీల ఉమ్మడి జాబితా వరల్డ్‌క్యాట్‌లో తెలుగు పేర్లు ఉన్నాయి, అయితే వాళ్ల పద్ధతి వేరు. ‘చ’కి సీ-హెచ్ రాయరు, ఒట్టి సీ రాస్తారు. చందమామను మనకు అలవాటైన స్పెల్లింగుతో కొట్టి, ఏమీ లేదనుకుని వచ్చేసినవాళ్లను చూశాను. హెచ్ తీసేసి మళ్లీ కొట్టండి. పిల్లల పుస్తకాలన్నీ అక్కడ ఉండవు కానీ, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం నమ్మకంగా దొరికే చోటు అది.

వారపత్రికల సీరియళ్లకోసమైతే ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలున్నాయి. పేజీ పేజీ తిప్పాలి, ఓపిక కావాలి.

అనువాద పుస్తకమని తేలితే తెలుగులో వెతకడం ఆపండి. కథను ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో రాసి వెతకండి, బొమ్మల ఫలితాలు చూడండి. నేను అక్క కాగితం ముందు పెట్టుకుని సంచికి బదులు నా నాలుగు మాటలూ వరసగా పెట్టి చూశాను. బూటుతో ఏమీ రాలేదు. టోపీతో రాలేదు. మేజోడుతో ఏవో వచ్చాయి కానీ ఎలుగుబంటి లేదు. చేతితొడుగు అనగానే తెర నిండింది. ఉక్రెయిన్ జానపద కథ. అడవిలో ఒక తాత చేతితొడుగు జారవిడుచుకుంటాడు. ఎలక, కప్ప, కుందేలు, నక్క, తోడేలు, అడవిపంది, ఎలుగుబంటి, మొత్తం ఏడు జంతువులు అందులో కాపురం పెడతాయి. తాత కుక్క వెనక్కి వచ్చి మొరిగితే చెల్లాచెదురవుతాయి.

ఇలా వెతకడానికి చాట్‌బాట్‌లను అడిగేవాళ్లూ ఉన్నారు. అడగండి, కానీ అది చెప్పిన తెలుగు పుస్తకం పేరును ఏదైనా లైబ్రరీ జాబితాలో కళ్లారా చూసేవరకు నమ్మొద్దు. లేని పుస్తకానికి పేరు, రచయిత, సంవత్సరం అన్నీ కల్పించి చెప్పడం నేను చూశాను. ఇద్దరు స్నేహితులు అలాంటి పుస్తకం కోసం నెలలు తిరిగారు.

ఆరో మెట్టు: మనుషులను అడగడం

ముందు ఇంట్లోవాళ్లు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడివిడిగా అడగండి, కలిపి కూర్చోబెట్టి అడగొద్దు. ఒకరి మాట మీద ఒకరు కట్టేస్తారు. మీకు గుర్తున్నది చెప్పకుండా “మనింట్లో బొమ్మల పుస్తకాలేవి ఉండేవి?” అని ఊరికే అడగండి.

బయట అడిగేటప్పుడు వివరంగా రాయండి. “చిన్నప్పుడు చదివిన దెయ్యం కథ, పేరు తెలిస్తే చెప్పగలరు” అంటే వందమంది వంద పేర్లు చెబుతారు. ఇలా రాస్తే పని జరుగుతుంది: “1978-80 మధ్య, గుంటూరు జిల్లాలో, నాలుగో తరగతిలో చదివాను. పిల్లల మాసపత్రికలో సీరియల్ అని ఖాయం, చందమామ అనుకుంటా. రంగుల బొమ్మ ఒకటి బాగా గుర్తు: ఏనుగంత పక్షి మీద ఇద్దరు. హీరో పేరు గుర్తులేదు. బేతాళ కథ మాత్రం కాదు.” ఏది కాదో చెప్పడం చాలా ముఖ్యం. సగం తప్పు జవాబులు అక్కడే ఆగిపోతాయి.

పాతపుస్తకాల వ్యాపారులను తక్కువ అంచనా వెయ్యకండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో, హైదరాబాద్‌లో ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూర్చునేవాళ్లు, లోపల ఏముందో చదవకపోయినా అట్టలు వేల సంఖ్యలో చూసినవాళ్లు. వాళ్లకు కథ చెప్పొద్దు. సైజు చేత్తో చూపించండి, రంగు చెప్పండి, కాగితం ఎలాంటిదో చెప్పండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళితే ఒకే సాయంత్రం పదిమందిని అడగొచ్చు.

లైబ్రరీలకు ఉత్తరం రాసేకంటే వెళ్లడం మంచిది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, పాత పత్రికలకు అది పెట్టింది పేరు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వెళ్లేముందు మీ దగ్గర ఒక దారి, ఒక అయిదేళ్ల కాలం తేలి ఉండాలి. “1974 నుంచి 78 దాకా ఈ పత్రిక బైండ్లు చూడాలి” అంటే లైబ్రేరియన్ తీసి ఇవ్వగలరు. “ఒక మాంత్రికుడి కథ కావాలి” అంటే పాపం ఏం ఇస్తారు?

ఏడో మెట్టు: అదేనా కాదా తేల్చుకోవడం

దొరికిందన్న సంతోషంలో ఇక్కడ తొందరపడతాం. మీ కాగితం మీద ‘ఖాయం’ అని రాసుకున్నవాటిలో ఒకటి రెండు ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టుకోండి. దొరికిన పుస్తకంలో అవి ఉంటేనే అదే పుస్తకం. కథ కలిసి, ఆ దాచుకున్న గుర్తు కలవకపోతే, కథ అదే కావొచ్చు కానీ బొమ్మలు వేరేవారివి, ముద్రణ వేరేది.

కథ దొరకడం వేరు, మనం పట్టుకున్న ఆ ప్రతి దొరకడం వేరు. ఈ తేడా ముందే మనసులో పెట్టుకుంటే నిరాశ ఉండదు. చేతితొడుగు కథకు ప్రపంచంలో ఎన్నో బొమ్మల పుస్తకాలున్నాయి. అక్కకు చూపించేముందు నేను నాలుగు రకాల బొమ్మలు విడివిడిగా పెట్టుకున్నాను. పొగగొట్టం సంగతి నేను ఎత్తలేదు.

మొదటి మూడూ చూసి తల అడ్డంగా ఊపింది. నాలుగోది ఎవ్గేని రాచ్యోవ్ అనే సోవియట్ చిత్రకారుడు వేసింది. అందులో ఒక్కొక్క జంతువు వచ్చిచేరే కొద్దీ ఆ చేతితొడుగు ఇల్లవుతూ పోతుంది. కింద చెక్క నిలబెట్టి నిచ్చెన వేస్తాయి, కిటికీ కోస్తాయి, పైన పొగగొట్టం పెడతాయి. అక్క ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. వేలితో పొగగొట్టాన్ని పెద్దది చేసింది. “ఇదేరా” అని, కాసేపాగి, “సంచి కాదా ఇది!” అంది.

తెలుగు ప్రతి ఇంకా దొరకలేదు. అక్క చెప్పిన కొలతలు ఒక కాగితానికి కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. లెనిన్ సెంటర్‌కి వెళ్లినప్పుడల్లా ఆ కాగితం తీసి, సోవియట్ పుస్తకాల దొంతరకు ఆనించి చూస్తాను. పోయిన నెలలో ఒక షాపాయన దాన్ని తీసుకుని తన గల్లాపెట్టె మీద అంటించుకున్నాడు, నేను ఇంకోటి కత్తిరించుకున్నాను.